కువైట్ చమురు మంటలు: ఊరు పేరు చెప్పని, యుద్ధం పేరు ఎత్తని సినిమా.. అసలేంటీ ‘లెసన్స్ ఆఫ్ డార్క్‌నెస్’?

మధ్యాహ్నం పూట చీకటి. ఆకాశం మొత్తం నల్ల పొగ. ఇసుకలోంచి పైకి ఎగజిమ్ముతున్న మంటలు ఒకటీ రెండూ కాదు, కనుచూపు మేరా అవే. వాటి మీదుగా నెమ్మదిగా సాగే హెలికాప్టర్ కెమెరా. వెనక పెద్ద ఆర్కెస్ట్రా సంగీతం. ఇలాంటి 30 సెకన్ల ముక్క ఫోన్‌లో కనబడితే చాలామంది గ్రాఫిక్స్ అనుకుంటారు. ఇప్పుడైతే ఏఐ వీడియో అని తేల్చేస్తారు.

గ్రాఫిక్స్ కాదు, ఏఐ కాదు. ప్రతి ఫ్రేమూ నిజం. 1991లో కువైట్ ఎడారిలో తీసింది. జర్మన్ దర్శకుడు వెర్నర్ హెర్జోగ్ 1992లో విడుదల చేసిన ‘లెసన్స్ ఆఫ్ డార్క్‌నెస్’ సినిమాలోవి ఆ దృశ్యాలు. తెలుగులో చెప్పుకోవాలంటే ‘చీకటి పాఠాలు’.

విచిత్రం ఏంటంటే, గంట కూడా నిండని ఈ సినిమాలో కువైట్ అన్న మాట వినబడదు. ఇరాక్ అనరు. సద్దాం హుస్సేన్ పేరు రాదు. అమెరికా ఊసే లేదు. ఎప్పుడు జరిగింది, ఎవరు చేశారు, ఎందుకు చేశారు.. ఏదీ చెప్పరు. అయినా ముప్ఫై ఏళ్లు దాటిన తర్వాత కూడా దీని గురించి వాదన నడుస్తూనే ఉంది. కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి ఇన్ని వేల కుటుంబాలు కువైట్ దినార్ల మీద ఇళ్లు కట్టుకున్నాయి కాబట్టి, ఈ సినిమాతో మనకూ ఒక లెక్క ఉంది.

అసలు అక్కడ జరిగింది ఏంటి?

సినిమా చెప్పదు కాబట్టి ముందు అది తెలుసుకోవాలి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. ఏడు నెలలు తన గుప్పిట్లో పెట్టుకుంది. 1991 జనవరిలో అమెరికా నాయకత్వంలోని సంకీర్ణ సేనలు దాడి మొదలుపెట్టాయి. ఫిబ్రవరి నెలాఖరుకల్లా ఇరాక్ సైన్యం వెనక్కి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ చమురు బావులకు నిప్పు పెట్టింది. 600కు పైగా బావులు ఒకేసారి తగలబడ్డాయి. రోజుకు 40 లక్షల నుంచి 60 లక్షల పీపాల చమురు కాలిపోయిందని అంచనాలు. పీపా అంటే 159 లీటర్లు. లెక్క వేసి చూస్తే రోజుకు కనీసం 60 కోట్ల లీటర్లు మంటల్లో కలిసినట్టు.

ఇందులో ఎక్కువ భాగం బుర్గాన్ అనే చమురు క్షేత్రంలోది. 1938లో అక్కడ చమురు బయటపడింది. ప్రపంచంలోని అతి పెద్ద చమురు క్షేత్రాల్లో సౌదీలోని ఘవార్ తర్వాతి పేరు దీనిదే.

ఒక బావి తగలబడితే ఆర్పడం అంత కష్టమా?

రాచర్ల, గిద్దలూరు, కొమరోలు, బేస్తవారిపేట మండలాల్లో ఉన్నవాళ్లకు ఇది వేరేవాళ్ల కంటే తేలిగ్గా అర్థమవుతుంది. ఎందుకంటే బోరు అంటే ఏంటో వాళ్లకు బాగా తెలుసు. రిగ్గు బండి రావడం, వందల అడుగులు దించడం, కేసింగ్ పైపు వేయడం, చివరికి దుమ్ము లేచిందా, నీరు లేచిందా అని గుండెలు అరచేతిలో పెట్టుకుని చూడటం.. పశ్చిమ ప్రకాశంలో ఇది చూడని రైతు ఇల్లు ఉండదు. నీళ్లు పడినా మోటారు పెట్టి పైకి లాగాల్సిందే.

బుర్గాన్ బావులూ బోర్లే. రంధ్రం చేసి పైపు దించినవే. తేడా ఒక్కటే. అక్కడ కింద ఉన్న చమురు, గ్యాస్ మీద భూమి ఒత్తిడి ఎంత ఉంటుందంటే, మోటారు అక్కర్లేకుండానే అది పైకి తన్నుకొస్తుంది. ఆ ఒత్తిడిని పట్టి ఉంచేది బావి తలమీద ఉండే వాల్వుల గుత్తి. చమురు పనివాళ్లు దీన్ని ‘క్రిస్మస్ ట్రీ’ అంటారు. ఇరాక్ సైనికులు పేలుడు పదార్థాలు కట్టింది సరిగ్గా దీనికే. పేలుడు దెబ్బ బయటికి చెదిరిపోకుండా బావి మీదే పడాలని చుట్టూ ఇసుక బస్తాలు కూడా పేర్చారు. ఆ తల ఎగిరిపోయాక ఇక ఆపేది లేదు. ట్యాంకర్‌కు నిప్పంటుకుంటే అందులో ఉన్నది అయిపోయాక మంట ఆరిపోతుంది. ఇక్కడ కింద నుంచి వస్తూనే ఉంటుంది.

కాబట్టి మంట ఆర్పడం సగం పనే. ఆ తర్వాత ఎగజిమ్ముతున్న చమురు కింద తడుస్తూ, ఒక్క నిప్పురవ్వ కూడా పుట్టకుండా, విరిగిన పైపు కోసి, కొత్త వాల్వు తెచ్చి బిగించాలి. అసలు ప్రాణాపాయం అక్కడే. అమెరికా నుంచి రెడ్ అడేర్, బూట్స్ అండ్ కూట్స్, వైల్డ్ వెల్ కంట్రోల్, కెనడా నుంచి సేఫ్టీ బాస్ లాంటి కంపెనీల బృందాలు ముందుగా దిగాయి. తర్వాత చాలా దేశాలు వచ్చాయి. హంగరీ వాళ్లయితే రెండో ప్రపంచ యుద్ధం నాటి టీ-34 ట్యాంకు మీద రెండు మిగ్-21 విమానాల జెట్ ఇంజన్లు బిగించి తెచ్చారు. ఆ గాలి, నీటి దెబ్బకు మంట కొవ్వొత్తిలా ఆరిపోయేది. దానికి ‘బిగ్ విండ్’ అని పేరు.

మరి ఎడారిలో అన్ని నీళ్లు ఎక్కడివి? అదే మంచి తెలివైన పని. మామూలుగా బావుల నుంచి సముద్ర తీరానికి చమురు మోసుకెళ్లే పైపులైన్లు ఉన్నాయి కదా. వాటిని తిరగేశారు. సముద్రం నీళ్లను అవే పైపుల్లో బావుల దగ్గరికి తెచ్చారు.

ఏళ్లు పడుతుందని నిపుణులు భయపడ్డ పని నెలల్లోనే అయిపోయింది. 1991 నవంబర్ 6న చివరి బావి మంటను కువైట్ అమీర్ చేతుల మీదుగా ఆర్పారు. ఈ పొగ ప్రపంచ వాతావరణాన్నే మార్చేస్తుందని, ఆసియాలో పంటలు దెబ్బతింటాయని కార్ల్ సేగన్ లాంటి శాస్త్రవేత్తలు అప్పట్లో హెచ్చరించారు. అంత జరగలేదు. పొగ మరీ ఎత్తుకు వెళ్లకపోవడమే కారణం. గల్ఫ్ ప్రాంతం మాత్రం నల్ల వాన చూసింది.

మరి హెర్జోగ్ ఏం తీశాడు?

1942లో మ్యూనిక్‌లో పుట్టిన హెర్జోగ్‌కు ఎడారి కొత్త కాదు. 1971లోనే సహారాలో ‘ఫాటా మోర్గానా’ అనే సినిమా తీశాడు. ‘ఎండమావి’ అని అర్థం. కువైట్‌కు వచ్చేసరికి అక్కడ ప్రపంచంలోని న్యూస్ చానళ్లన్నీ ఉన్నాయి. అందరూ తీసినట్టే తాను తీస్తే అర్థం లేదనుకున్నాడు. కెమెరామెన్ పాల్ బెర్రిఫ్ నేల మీద, సైమన్ వెర్రీ హెలికాప్టర్ నుంచి తీసిన దృశ్యాలను 13 చిన్న అధ్యాయాలుగా కూర్చాడు. వాగ్నర్, మాలర్, వెర్డి, షూబర్ట్ లాంటి పాశ్చాత్య సంగీతకారుల రచనలను వాటి కింద పరిచాడు.

వ్యాఖ్యానం తన గొంతుతోనే చెప్పాడు. ఏ గ్రహం నుంచో వచ్చినవాడు భూమిని మొదటిసారి చూస్తున్నట్టు ఉంటుంది ఆ ధోరణి. మొదట్లో అగ్నిమాపక దుస్తుల్లో ఉన్న ఒక మనిషి చేత్తో ఏదో సైగ చేస్తాడు. తమకు ఎదురుపడ్డ మొదటి ప్రాణి ఏదో చెప్పాలని చూసిందంటాడు హెర్జోగ్. నవ్వు రావాలో భయం వేయాలో తెలియదు.

యుద్ధం అనే అధ్యాయం కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతుంది. టీవీలో అందరూ చూసిన, రాత్రి పూట పచ్చటి వెలుగులో బాంబులు పడే దృశ్యం. అంతే. ఆ తర్వాత మిగిలిన సినిమా అంతా ఆ కాసేపు మిగిల్చిపోయిందే.

‘సైతాను జాతీయ ఉద్యానవనం’ అనే అధ్యాయం ఉంది. పేరు వింటే వ్యంగ్యం అర్థమవుతుంది. అందులో హెలికాప్టర్ చెరువుల మీదుగా వెళ్తుంది. మబ్బులు, ఆకాశం అందులో తేటగా కనబడతాయి. గట్టున చెట్లు. వర్షాకాలంలో నిండిన చెరువేమో అనిపిస్తుంది. అది నీరు కాదు. పూడ్చని బావుల నుంచి పారి గుంటల్లో నిలిచిన చమురు. ఆకాశాన్ని అద్దంలా చూపిస్తూ నీరులా వేషం కడుతోందని హెర్జోగ్ అంటాడు. అక్కడి పక్షులూ అదే పొరపాటు పడ్డాయి. నీళ్లనుకుని దిగి మళ్లీ లేవలేదు. చెరువు నిండితే పండగ చేసుకునే ప్రాంతంలో కూర్చుని ఈ దృశ్యం చూస్తే వచ్చే దిగులు, బెర్లిన్‌లో థియేటర్‌లో చూసినవాళ్లకు వచ్చి ఉండదు.

ఇక్కడే తిరకాసు

సినిమా మొదట్లో తెర మీద ఒక సూక్తి పడుతుంది. ఫ్రెంచ్ తత్వవేత్త పాస్కల్ అన్నట్టు కింద పేరు కూడా ఉంటుంది. అది పాస్కల్ అనలేదు. హెర్జోగే రాసి పాస్కల్ పేరు పెట్టాడు. తర్వాత తనే ఆ సంగతి ఒప్పుకున్నాడు కూడా. వాట్సాప్‌లో అబ్దుల్ కలాం పేరుతో తిరిగే సూక్తుల్లో సగం ఎలాంటివో మనకు తెలుసు. కాకపోతే వాటిని పంపేవాళ్లకు అది అబద్ధమని తెలియదు, ఇతనికి తెలుసు. ప్రేక్షకుడిని మొదటి నిమిషంలోనే ఒక ఎత్తుకు తీసుకెళ్లడానికి అలా చేశానని సమర్థించుకున్నాడు. 1999లో ఒక ప్రకటనే విడుదల చేశాడు. లెక్కల గుమాస్తాలకు కావాల్సిన నిజం వేరు, కవులకు దొరికే నిజం వేరు అన్నది దాని సారాంశం.

వినడానికి బాగుంటుంది. కానీ ఇదే సినిమాలో ఆ పద్ధతి ఇంకో చోట మరీ దూరం వెళ్లింది. మంట ఆరిపోయి చమురు ఎగజిమ్ముతున్న ఒక బావి దగ్గరికి ఒక పనివాడు వచ్చి, మండుతున్న కాగడా విసిరి మళ్లీ అంటిస్తాడు. వ్యాఖ్యానం ఏమంటుందంటే.. వీళ్లకు పిచ్చి పట్టింది, నిప్పు లేకుండా బతకలేకపోతున్నారు, మళ్లీ ఆర్పడానికి ఏదో ఒకటి దొరికిందని సంతోషపడుతున్నారు అని. ఆ షాట్ చూస్తే నిజంగానే ఒళ్లు జలదరిస్తుంది.

అసలు కారణం వేరే. ఎగజిమ్ముతున్న చమురు, గ్యాస్ చుట్టూ పేరుకుపోతే చిన్న నిప్పురవ్వ చాలు, పనిచేస్తున్న బృందం మొత్తం ఒక్కసారిగా మంటల్లో చిక్కుకుంటుంది. అలాంటప్పుడు కావాలనే అంటించి, మంటను ఒక్క చోటే కాలనివ్వడం సురక్షితం. అంటే అది పిచ్చి కాదు, అనుభవం. తోటివాళ్ల ప్రాణాలు కాపాడే పని. సినిమాలో ఆ మనుషులకు నోరివ్వలేదు. ఎవరూ వాళ్లను ఎందుకిలా అంటిస్తున్నారని అడగలేదు.

దీన్ని కళ అనాలా, అన్యాయం అనాలా? సినిమాను మెచ్చుకునేవాళ్లు, ఇది వార్త కాదు, కలలాంటిది అంటారు. ఎంత కలైనా, కష్టపడే మనిషిని పిచ్చివాడిగా చూపించే హక్కు దర్శకుడికి ఎక్కడిదన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది. సినిమాలో తప్పు పట్టాల్సింది ఏదైనా ఉందంటే అది ఇదే. దొంగ సూక్తి దీని ముందు చిన్న విషయం.

బెర్లిన్‌లో గొడవ

1992లో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో వేసినప్పుడు ప్రేక్షకులు మండిపడ్డారు. అయితే కోపం కాగడా షాట్ మీద కాదు. ఇంత ఘోరాన్ని ఇంత అందంగా ఎలా చూపిస్తావని హెర్జోగ్‌ను నిలదీశారు. డాంటే నరకాన్ని రాసినప్పుడు, గోయా యుద్ధాన్ని గీసినప్పుడు ఇదే పని చేశారు కదా అని అతను ఎదురు సమాధానం ఇచ్చాడు. తగ్గలేదు.

పోల్చి చూడటానికి ఇంకో సినిమా ఉంది. అదే 1992లో వచ్చిన ఐమాక్స్ డాక్యుమెంటరీ ‘ఫైర్స్ ఆఫ్ కువైట్’. అవే మంటలు, అదే ఎడారి. అది ఆర్పేవాళ్ల కథ చెప్పింది, పద్ధతులు వివరించింది, ఆస్కార్ నామినేషన్ కూడా తెచ్చుకుంది. సమాచారం కావాలంటే అది చూడాలి. కానీ ఇవాళ ఎక్కువ మంది గుర్తుపెట్టుకున్నది హెర్జోగ్ సినిమానే. అందం గెలిచిందా, సంగీతం గెలిచిందా అంటే చెప్పడం కష్టం.

సినిమాలో మంటల కంటే గట్టిగా పట్టుకునేవి రెండు చోట్లున్నాయి. రెండూ నేల మీదే, మనుషుల మధ్యే. ఒక చోట చిత్రహింసలకు వాడిన పనిముట్లు బల్ల మీద పరిచి ఉంటాయి. కెమెరా ఏమీ మాట్లాడకుండా వాటి మీదుగా వెళ్తుంది. తర్వాత ఒక తల్లి. కొడుకులను కళ్ల ముందే హింసించి చంపడం చూసి ఆమెకు మాట పడిపోయింది. అయినా ఏదో చెప్పాలని ప్రయత్నిస్తుంది. శబ్దాలే వస్తాయి. ఇంకో చోట చంటిబిడ్డను ఎత్తుకున్న అమ్మ. సైనికుడు బిడ్డ తల మీద బూటు కాలు పెట్టి తొక్కాడు. అప్పటి నుంచి ఆ పిల్లాడు మాట్లాడటం మానేశాడు. ఇక్కడ పెద్ద సంగీతం లేదు, హెలికాప్టర్ లేదు. బెర్లిన్‌లో అరిచినవాళ్లు ఈ రెండు సన్నివేశాల గురించి ఎందుకు మాట్లాడలేదో!

ఇందులో మనవాళ్లు ఎందుకు కనబడరు?

కువైట్ నగరం మీదుగా కెమెరా తిరిగే షాట్ సినిమా మొదట్లోనే ఉంది. ఆ భవనాలు కట్టినవాళ్లలో, ఆ ఇళ్లలో వంట చేసినవాళ్లలో, కార్లు నడిపినవాళ్లలో భారతీయులు లక్షకు పైగా ఉండేవారు. మంటలు లేచే నాటికి వాళ్లలో ఎక్కువ మంది అక్కడ లేరు. ఆక్రమణ జరిగిన కొన్ని రోజుల నుంచే బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ రాజధాని అమ్మాన్‌కు చేరడం మొదలైంది. అక్కడి నుంచి 1990 ఆగస్టు 13, అక్టోబర్ 11 మధ్య ఎయిర్ ఇండియా 59 రోజుల్లో 488 ట్రిప్పులు వేసి 1,11,711 మందిని ఇంటికి చేర్చింది. 2016లో అక్షయ్ కుమార్ హిందీ సినిమా ‘ఎయిర్‌లిఫ్ట్’ వచ్చింది దీని మీదే.

దాచుకున్న డబ్బు బ్యాంకుల్లో చిక్కుకుపోయి, చేతిలో ఉన్న కువైట్ దినార్లు చెల్లని కాగితాలై, ఒంటి మీది బట్టలతో దిగినవాళ్లు ఎందరో. అయితే కథ అక్కడితో ఆగలేదు. యుద్ధ నష్టాలకు పరిహారం ఇవ్వడానికి ఐక్యరాజ్యసమితి 1991లో ఒక కమిషన్ పెట్టింది. కువైట్, ఇరాక్ వదిలి రావాల్సి వచ్చిన మామూలు మనుషులకే మొదటి ప్రాధాన్యం ఇచ్చింది. ఒక్కొక్కరికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000 డాలర్ల చొప్పున స్థిర మొత్తం. ఇంకే నష్టం అడగబోమని రాసిస్తే 4,000, 8,000. ఆ డబ్బు ఎక్కడిదంటే, ఇరాక్ అమ్మిన చమురు మీద వచ్చిన ఆదాయంలో కోసి పక్కన పెట్టిన వాటా. బావులు తగలబెట్టిన దేశం చమురు డబ్బే అంచెలంచెలుగా పారి, వీసా పోయి ఇంటికొచ్చిన కూలీ చేతికి చేరిందన్నమాట. కంపెనీలు, ప్రభుత్వాల నష్టాలతో కలిపి మొత్తం 52.4 బిలియన్ డాలర్లు. చివరి వాయిదా ఇరాక్ 2022 జనవరిలో కట్టింది. అంటే యుద్ధం అయిపోయిన 31 ఏళ్లకు.

ఇది ఎవరైనా సినిమాగా తీస్తే బాగుండేది. తెలుగులో 2017లో పి. సునీల్ కుమార్ రెడ్డి ‘గల్ఫ్’ తీశారు. వలస కూలీల కష్టాలే దాని కథ. 2024లో మలయాళం నుంచి ‘ది గోట్ లైఫ్’ తెలుగులోకి డబ్ అయి వచ్చింది. సౌదీ ఎడారిలో గొర్రెల మధ్య చిక్కుకున్న మనిషి కథ అది. అదే ఏడాది జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనానికి నిప్పంటుకుని 45 మంది భారతీయులు చనిపోయారు. వాళ్లలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. ఆ మంట మాత్రం ఫోన్ వీడియోల్లోనే మిగిలింది.

మన గడ్డ మీదా ఒక బావి మండింది

చమురు బావి మంట చూడటానికి ఎడారి దాకా వెళ్లనక్కర్లేదని కోనసీమ వాళ్లకు తెలుసు. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ తవ్వుతున్న బావిలో గ్యాస్ ఒత్తిడి అదుపు తప్పి బ్లోఅవుట్ అయింది. మంట ఒక రోజు, రెండు రోజులు కాదు, 65 రోజులు ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. కొబ్బరి తోటలు మాడిపోయాయి. అమెరికా నుంచి నీల్ ఆడమ్స్ అనే బ్లోఅవుట్ నిపుణుడి బృందాన్ని పిలిపించారు. మార్చి 15న మంట అదుపులోకి వచ్చింది.

అప్పటికి తెలుగులో 24 గంటల న్యూస్ చానల్ ఒక్కటీ లేదు. ఫోన్‌లో కెమెరా అన్న ఊహే లేదు. ఆ మంటను జనం ఎక్కువగా పేపర్ ఫొటోల్లోనే చూశారు. ఎవరూ హెలికాప్టర్ ఎక్కి ఆర్ట్ ఫిల్మ్ తీయలేదు. అయితే దాని పేరు, తేదీ, ఎన్ని రోజులు మండిందన్న లెక్క మాత్రం కోనసీమలో పెద్దవాళ్లను ఎవరిని అడిగినా చెబుతారు. హెర్జోగ్ సినిమాలో బొమ్మ ఉంది, పేరు లేదు. పాశర్లపూడిది సరిగ్గా దానికి తిరగబడ్డ వరస.

ఫోన్‌లో చూసేవాళ్లకు

రీల్స్‌లో తిరిగే ముక్కలు చూసి సినిమా చూశామనుకోవద్దు. వాటిలో చాలాసార్లు అసలు సంగీతం తీసేసి వేరేది పెడతారు, నిలువు తెరకు సరిపడేలా రెండు పక్కలా కోసేస్తారు. ఈ సినిమాలో సగం పని ఆ సంగీతానిదే, మిగతా సగం ఆ వెడల్పుది. ఫోన్ అడ్డంగా తిప్పి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, రాత్రి పూట వెలుతురు తక్కువ ఉన్న చోట చూస్తే కాస్త న్యాయం జరుగుతుంది. వ్యాఖ్యానం చాలా తక్కువ. ఇంగ్లిష్ అంతగా రాకపోయినా ఇబ్బంది ఉండదు. పిల్లల పక్కన కూర్చుని చూడాల్సింది మాత్రం కాదు. చిత్రహింసల గది భాగం రక్తం చూపించదు గానీ, ఆ తల్లి గొంతు చాలాసేపు చెవిలో ఉండిపోతుంది.